అక్టోబరు వానకు తగిన టైరు

కారు బరువు 1,100 కిలోలు అనుకుందాం. ఒక్కో చక్రం మీద సుమారు 275 కిలోలు పడుతుంది. టైరులో గాలి 33 పీఎస్ఐ ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.3 కిలోల ఒత్తిడి ఉంటే, ఆ బరువు మోయడానికి టైరు నేలను తాకే మేర 120 చదరపు సెంటీమీటర్లు చాలు. అరచేయంత చోటు. నాలుగు టైర్లవీ కలిపినా ఒక ఏ4 కాగితం కన్నా తక్కువే. రణస్థలం దాటాక జాతీయ రహదారి మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కుటుంబం మొత్తం ఆ కొద్దిపాటి రబ్బరు మీదే ఆధారపడి ఉంటుంది. బ్రేకు ఎంత గొప్పదైనా చక్రాన్ని మాత్రమే ఆపగలదు. కారును ఆపేది రబ్బరు.

అందుకే శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో పాత టైర్లు అరిగిపోయి, ఈసారి ‘పర్ఫార్మెన్స్’ రకం వేయిద్దామని షాపుకు వెళ్లేవారు ముందుగా తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఏ పనిలో పర్ఫార్మెన్స్ కావాలి? పొడి రోడ్డు మలుపులో వేగంగా తిరగడంలోనా, వానలో ఆగడంలోనా, గుంతను తట్టుకోవడంలోనా? మూడింటిలోనూ మొదటి స్థానంలో ఉండే టైరు ఎవరూ తయారు చేయలేదు. మన రోడ్లకు తడి పట్టు మొదట, సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) బలం ఆ తర్వాత, మిగిలినవన్నీ వాటి వెనుక అని నా గట్టి అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే రబ్బరు రోడ్డును ఎలా పట్టుకుంటుందో చూడాలి.

రెండు గట్టి వస్తువుల మధ్య ఘర్షణ అవి తాకే వైశాల్యం మీద ఆధారపడదని బడిలో చదువుకున్నాం. రబ్బరు ఆ సూత్రానికి పూర్తిగా లొంగదు. అది రోడ్డును రెండు విధాల పట్టుకుంటుంది. మొదటిది అణువుల స్థాయిలో అతుక్కోవడం. పొడిగా, శుభ్రంగా ఉన్న తారు మీద ఇది బాగా పనిచేస్తుంది. మధ్యలోకి పలుచని నీటి పొర వచ్చిందంటే చాలావరకు పోతుంది. రెండోది రబ్బరు స్వభావం నుంచే వస్తుంది. తారులోంచి పైకి తేలిన కంకర మొనల మీద రబ్బరు సర్దుకుంటూ నొక్కుకుపోతుంది, జారబోయినప్పుడు ఒక మొన మీంచి మరో మొన మీదికి లాగబడుతుంది. నొక్కుకున్న రబ్బరు వెంటనే పూర్వపు ఆకారానికి రాదు. ఒక్క క్షణం ఆలస్యంగా వస్తుంది, పుచ్చుకున్న శక్తిలో కొంత వేడిగా పోగొట్టుకుంటుంది. ఆ పోయిన శక్తే కారును ఆపే బలం. వానలో మనకు మిగిలేది ప్రధానంగా ఈ రెండో పట్టే.

అయితే రబ్బరు ఎక్కువ శక్తి పోగొట్టుకుంటే పట్టు ఎక్కువ సరే, మామూలుగా దొర్లుతున్నప్పుడూ అది అలాగే వేడెక్కి పెట్రోలు తినేయదా? ఒకప్పుడు తింటూనే ఉండేది. ఈ చిక్కును విప్పిన తీరు నాకు ఆధునిక రసాయన శాస్త్రం సాధించిన అందమైన విజయాల్లో ఒకటిగా కనిపిస్తుంది. 100 కిలోమీటర్ల వేగంలో మామూలు కారు చక్రం సెకనుకు దాదాపు 14 సార్లు తిరుగుతుంది. ట్రెడ్‌లోని, అంటే నేలను తాకే పై పొరలోని, ప్రతి ముక్కా నేలకు ఆని నొక్కుకునేది అన్నిసార్లే. బ్రేకు వేసినప్పుడు కంకర మొనల మీద అదే రబ్బరు కంపించేది సెకనుకు వేల నుంచి లక్షల సార్లు. నెమ్మదైన కదలికలో శక్తిని కాపాడుకుని, వేగమైన కదలికలో పోగొట్టుకునే రబ్బరు దొరికితే రెండూ దక్కుతాయి. టైరు రబ్బరులో కలిపే నల్లటి మసిపొడి కార్బన్ బ్లాక్‌లో కొంత భాగం తీసి, దాని స్థానంలో ఇసుకలో ఉండే సిలికాను సన్నని పొడిగా కలిపి, ఆ సిలికాను రబ్బరుకు అంటిపెట్టే సిలేన్ అనే రసాయనాన్ని చేర్చినప్పుడు అలాంటి మిశ్రమం తయారైంది. 1992లో మిషెలిన్ ఈ రకం టైర్లను మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు మంచి తడి పట్టు ఉన్న కారు టైర్లలో సిలికా మామూలు విషయం. కొంత కార్బన్ బ్లాక్ ఇంకా ఉంటుంది కాబట్టి రంగు మాత్రం నలుపే.

ఆ పట్టులో తేడా ఎంత ముఖ్యమో లెక్క వేసి చూడవచ్చు. 80 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే, ఘర్షణ గుణకం (పట్టును కొలిచే అంకె) 0.8 ఉన్న కారు దాదాపు 31 మీటర్లలో ఆగుతుంది. 0.5 మాత్రమే ఉన్న కారుకు 50 మీటర్లు కావాలి. పంతొమ్మిది మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మొదటి కారు పూర్తిగా ఆగిన చోట రెండో కారు ఇంకా గంటకు 49 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. అక్కడ రోడ్డు దాటుతున్న ఆవు ఉండవచ్చు, బడి నుంచి వస్తున్న పిల్ల ఉండవచ్చు.

ఇక నీరు నిలిచిన రోడ్డు సంగతి. 3 మిల్లీమీటర్ల నీటి మీద 185 మిల్లీమీటర్ల వెడల్పున్న టైరు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తే, సెకనుకు దాదాపు 12 లీటర్ల నీటిని పక్కకు తోయాలి. ఆ పని చేసేవి ట్రెడ్ గాడులు. కొత్త టైరులో వాటి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. చట్టం ఒప్పుకునే కనీసం 1.6 మిల్లీమీటర్లు. గాడుల అడుగున అడ్డంగా ఉండే చిన్న రబ్బరు దిమ్మెలతో ట్రెడ్ సమానమైందంటే ఆ హద్దు వచ్చినట్టే. కానీ తడి రోడ్డు మీద పట్టు అంతకు ముందే బాగా తగ్గిపోతుంది. 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చాలన్న సలహాను నేను అతిజాగ్రత్త అనుకోను.

నీటిని తోయలేకపోయిన టైరు నీటి మీదికి ఎక్కి తేలుతుంది. స్టీరింగ్ తేలికైపోతుంది, బ్రేకుకు అర్థం ఉండదు. విమానాల టైర్ల మీద 1960లలో నాసా పరిశోధకులు చేసిన ప్రయోగాల నుంచి ఒక సులభమైన సూత్రం వచ్చింది. గాడుల లోతును మించి నీరున్నప్పుడు, టైరు తేలే వేగం గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. గంటకు కిలోమీటర్లలో చెప్పాలంటే పీఎస్ఐ వర్గమూలాన్ని సుమారు 16.7తో గుణించాలి. 33 పీఎస్ఐ ఉంటే 96 దగ్గర, 25కు పడిపోతే 83 దగ్గర తేలుతుంది. ఇది ఉజ్జాయింపే. కానీ ఎంత ఖరీదైన టైరు కొన్నా గాలి చూసుకోకపోతే కొన్న గుణం పోతుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి లెక్క నాకు కనిపించలేదు. గాలి తనంతట తానే నెలకు 1 పీఎస్ఐ దాకా తగ్గవచ్చు. ఉష్ణోగ్రత ప్రతి ఐదారు డిగ్రీలు తగ్గినప్పుడు మరో 1 పీఎస్ఐ పోతుంది. మే నెల మధ్యాహ్నం నింపించి, వానాకాలమంతా మరిచిపోయిన కారులో 25 కనిపించడం వింత కాదు.

ఉత్తరాంధ్రలో ఇది ఎందుకు ఇంత ముఖ్యం? నైరుతి వానలు వెళ్లిపోతున్న వేళ మనకు తుపానులు వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనూ అతలాకుతలం చేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. తుపాను కాకపోయినా ఆ రోజుల్లో వాయుగుండం మామూలే. సరిగ్గా అప్పుడే దసరాకు ఊళ్లకు వచ్చేవారు, పైడితల్లి సిరిమానోత్సవానికి వచ్చేవారు అందరూ రోడ్ల మీదే ఉంటారు. కాబట్టి మే నెలలో 3 మిల్లీమీటర్ల లోతుకు అరిగిన టైరును ‘ఇంకో ఏడాది వస్తుంది’ అని వదలకుండా జూన్‌లోపే మార్చడం మేలు. అరిగిన టైరు ఎండలో పెద్దగా ఇబ్బంది పెట్టదు, వానలో పెడుతుంది. (సంక్రాంతి ముందు రోడ్ల మీద ఆరబోసే ధాన్యం సంగతి వేరు. గింజల మీద ఏ టైరూ పట్టు ఇవ్వదు, వేగం తగ్గించుకోవాల్సిందే.)

ఇప్పుడు సైజు. పర్ఫార్మెన్స్ అనగానే చాలామంది మనసు పెద్ద రిమ్ము, వెడల్పాటి టైరు, సన్నని సైడ్‌వాల్ మీదికి పోతుంది. 185/65 ఆర్ 15 అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 65 శాతం, అంటే 120 మిల్లీమీటర్లు, రిమ్ము 15 అంగుళాలు. దాని స్థానంలో 195/55 ఆర్ 16 వేస్తే చక్రం మొత్తం ఎత్తు దాదాపు మారదు, 621 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది కనుక స్పీడోమీటరు తప్పు చూపదు. సైడ్‌వాల్ 107కు తగ్గుతుంది. 205/45 ఆర్ 17 అయితే 92 మాత్రమే. సన్నని సైడ్‌వాల్ తక్కువ వంగుతుంది కాబట్టి స్టీరింగ్ తిప్పగానే కారు స్పందిస్తుంది. ఆ సుఖం నిజమే, కాదనను. కానీ అదే ఒత్తిడిలో టైరు వెడల్పయితే నేలను తాకే వైశాల్యం పెద్దగా పెరగదు. ఆ అరచేయి పొట్టిగా, వెడల్పుగా మారుతుందంతే. అడ్డంగా ఎక్కువ నీటిని తోయాల్సి వస్తుంది కాబట్టి వానలో వెడల్పు టైరు తొందరగా తేలుతుంది కూడా.

గుంతల మాట చెప్పనే లేదు. విజయనగరంలో ఒక టైర్ల షాపులో జాకీ మీద లేపిన కారును చూశాను. పదిహేడు అంగుళాల మెరిసే రిమ్ములు. టైరు కొత్తదే, ట్రెడ్ మీద అచ్చు నుంచి వచ్చిన సన్నని రబ్బరు వెంట్రుకలు ఇంకా ఊడలేదు. సైడ్‌వాల్ మీద మాత్రం రెండు వేళ్ల వెడల్పున ఉబ్బు. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయి మళ్లీ పైకి వచ్చింది.

“దీనికి ప్యాచ్ వేయలేవా బాబాయ్?” అని అడిగాడు కారు తెచ్చిన యువకుడు.

“మేకు దిగితే వేస్తాను బాబూ. ఇది గోడ. లోపల దారాలు తెగిపోయాయి, గాలిని ఆపుతున్నది పైనున్న రబ్బరొక్కటే” అన్నాడు షాపాయన. టైరు విప్పి లోపలి వైపు చూపించాడు. గుంత అంచుకూ రిమ్ము అంచుకూ మధ్య రబ్బరు నలిగిన గీత అడ్డంగా కనిపించింది.

సైడ్‌వాల్‌లో ఉండే పాలియెస్టర్ దారాలే టైరు ఆకారాన్ని నిలుపుతాయి. ఎత్తైన గోడకు దెబ్బను మింగడానికి చోటుంటుంది, పొట్టి గోడకు ఉండదు. గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు వెళ్లి ఘాట్ ఎక్కి ఒడిశాలోకి పోయే దారిలో లారీల రద్దీ ఎంతో అందరికీ తెలుసు. సాలూరే లారీలకు పేరుపడ్డ ఊరు. అంత బరువు నడిచే దారిలో వానకు గుంత పడటం, ఆ గుంతను నీరు కప్పేయడం సహజం. నా మాట అడిగితే కంపెనీ ఇచ్చిన రిమ్ము సైజులోనే ఉండి, ఆ డబ్బును మంచి రబ్బరు మిశ్రమం మీద పెట్టమంటాను. మరీ మనసుంటే ఒక్క అంగుళం. అంతకు మించి వద్దు.

సైజు పక్కనే ఉండే 88 హెచ్ లాంటి గుర్తును వదిలేయకూడదు. 88 అంటే ఆ టైరు మోయగల బరువు 560 కిలోలు. 87 అంటే 545, 84 అంటే 500. రిమ్ము పెంచినప్పుడు తెలియకుండానే 84కు దిగితే నాలుగు టైర్ల మీద 240 కిలోల సామర్థ్యం పోయినట్టు. కారు కంపెనీ చెప్పిన సంఖ్య కన్నా తక్కువది వేయకూడదు. ఎక్స్ఎల్ అని రాసి ఉంటే అదనపు బరువుకు తట్టుకునే రకం, దానికి గాలి కూడా ఎక్కువ కావాలి. హెచ్ అంటే టైరు తట్టుకునే గరిష్ఠ వేగం గంటకు 210 కిలోమీటర్లు, వి అంటే 240. ఆ వేగం మనకు అక్కర్లేదు, కానీ ఆ అక్షరం వెనుక వేడిని తట్టుకునే నిర్మాణం ఉంటుంది. మే నెల తారు మీద అది పనికొస్తుంది.

‘ట్రెడ్‌వేర్’ అని 200, 300, 400 లాంటి అంకె కనిపిస్తే, ఎక్కువ అంకె అంటే ఎక్కువ కాలం వస్తుందని, తక్కువ అంటే సాధారణంగా మెత్తని రబ్బరని. ఆ అంకెను ఏ కంపెనీకి ఆ కంపెనీయే ఇచ్చుకుంటుంది కనుక ఒకే కంపెనీ టైర్ల మధ్య పోల్చడానికే అది నమ్మదగింది. రోజూ శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లి వచ్చేవారు 200 రకం కొంటే త్వరలోనే మళ్లీ షాపుకు రావాలి. ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 3523 అంటే 2023లో 35వ వారం. ఖరీదైన సైజులు చిన్న పట్టణాల్లో తొందరగా అమ్ముడుపోవు కాబట్టి ఈ అంకె చూడకుండా డబ్బు చెల్లించకూడదు. వాడకపోయినా రబ్బరు గాలిలోని ఆక్సిజన్‌కూ ఓజోన్‌కూ గట్టిపడుతూనే ఉంటుంది. ఒక ఏడాది లోపుదైతే నిశ్చింత.

నాలుగూ ఒకేసారి మార్చలేకపోతే రెండు కొత్తవీ వెనుకకే వేయించాలి. ఇంజిను ముందు చక్రాలను తిప్పే కారులో కొత్తవి ముందుండాలన్న నమ్మకం బలంగా ఉంది, షాపుల్లోనూ అలాగే బిగించేస్తారు. కానీ ముందు టైర్లు పట్టు తప్పితే కారు మలుపు తీసుకోకుండా నేరుగా పోతుంది. యాక్సిలరేటర్ వదిలితే మళ్లీ దారికి వచ్చే అవకాశం ఉంది. వెనుకవి తప్పితే కారు వెనుక భాగం ముందుకు తిరిగి వచ్చేస్తుంది, మామూలు డ్రైవరు దాన్ని సరిచేయలేడు.

అలైన్‌మెంట్ (చక్రాల వరుస సరిచేయడం), బ్యాలెన్సింగ్ (చక్రం అదరకుండా బరువు సరిచేయడం) చేయించి, డ్రైవరు తలుపు చట్రం మీద రాసి ఉన్న ఒత్తిడికి గాలి నింపించాలి. టైరు మీద అచ్చేసినది గరిష్ఠ హద్దు, నింపాల్సిన కొలత కాదు. కొత్త ట్రెడ్ మీద అచ్చు నుంచి విడిపించే పూత కొంత మిగిలి ఉంటుంది కనుక మొదటి 200, 300 కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి, వానైతే మరీ జాగ్రత్తగా. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు మరోసారి బిగించి చూడమని షాపువారిని అడగాలి.