'థింగ్' అసలు అర్థం

చిన్నారులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీరిద్దరూ పేరు గుర్తురాని ప్రతిదాన్నీ 'థింగ్' అంటూ ఉంటే విన్నాను. చాలా గొప్ప మాట అది, తేలిగ్గా తీసుకోకండి.

ఇంగ్లిషులో ఆ మాటకు మొదట ఉన్న అర్థం వస్తువు కాదు, సభ. 7వ శతాబ్దంలో, ఇప్పటి ఇంగ్లండులో ఉండిన కెంట్ అనే చిన్న రాజ్యపు చట్టాల్లో, తగవు తీర్చే సభ అనే అర్థంలోనే అది కనిపిస్తుంది. క్రమంగా సభ పేరు సభలో పెట్టిన వ్యవహారానికి వచ్చింది. వ్యవహారం కాస్తా 'సంగతి' అయింది. సంగతి నుంచి చేత్తో పట్టుకునే వస్తువు దాకా దిగింది. జర్మన్, డచ్ భాషల్లోని 'డింగ్'దీ ఇదే కథ.

వింతగా ఉందా? మన 'పంచాయితీ' చూడండి. అది పెద్దలు కూర్చునే సభ. "వాళ్ళింట్లో ఏదో పంచాయితీ నడుస్తోంది" అన్నామంటే మాత్రం తగవే. 'రచ్చ' ఇంకా చక్కటి సాక్ష్యం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అక్కడ రచ్చ అంటే నలుగురు కూడే చోటు, రచ్చబండలో ఉన్నదీ అదే. ఇప్పుడు మీరు రచ్చ అనేది గొడవను!

పాత అర్థాన్ని భద్రంగా దాచుకున్నది ఐస్‌లాండ్. అక్కడి పార్లమెంటు పేరు 'ఆల్థింగి', అంటే అందరి సభ. 930లో థింగ్‌వెట్లిర్ మైదానంలో, ఆరుబయట మొదలైంది. చట్టం చెప్పే పెద్ద ఒకాయన 'చట్టపు బండ' మీద నిలబడి ఏటా మూడో వంతు చొప్పున, మూడేళ్ళలో మొత్తం చట్టాన్ని వినిపించేవాడు. 1117 చలికాలంలో రాయడం మొదలుపెట్టేదాకా చట్టమంతా మనుషుల జ్ఞాపకంలోనే ఉంది. ఆయన ఎదురుగా గడ్డిలో నిలబడి విన్నవాళ్ళను తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు పులకరిస్తుంది.

నార్వే, డెన్మార్క్ పార్లమెంట్ల పేర్లలోనూ 'టింగ్' ఉంది. డేనిష్‌లో 'ఎన్ టింగ్' అంటే వస్తువు, 'ఎట్ టింగ్' అంటే సభ. ముందున్న చిన్న మాట మారితే చాలు, వస్తువు సభ అయిపోతుంది.

బ్రిటన్, ఐర్లాండ్‌ల మధ్య ఉన్న ఐల్ ఆఫ్ మాన్ దీవిలో పార్లమెంటును 'టిన్‌వాల్డ్' అంటారు. ఏటా జూలైలో, నాలుగు అంచెలుగా పేర్చిన పచ్చిక దిబ్బ దగ్గర కొత్త చట్టాలను ఇంగ్లిషులోనూ, ఆ దీవి సొంత భాష మాంక్స్‌లోనూ ప్రకటిస్తారు. ఆ పేరుకు మూలం, ఒకప్పటి స్కాండినేవియా వాళ్ళ భాష అయిన పాత నార్స్‌లో 'సభా మైదానం' అనే అర్థమున్న మాట. స్కాట్లాండ్‌లో డింగ్‌వాల్, షెట్లాండ్‌లో టింగ్‌వాల్ అనే ఊళ్ళ పేర్లూ అందులోంచి వచ్చినవే. సెలవులకు వచ్చేటప్పుడు మీ అట్లాసు తెచ్చుకోండి, రెండింటినీ కలిసి వెతుకుదాం.

మీ తాతయ్య