తిట్టుకుంటూనే పేజీ తిప్పిస్తుంది

ఎండాకాలం కడపలో మధ్యాహ్నం రెండింటికి వీధిలో కుక్క కూడా కనపడదు. ఆ టైంలో మా చిన్నమ్మ కూలర్ ముందు చాప వేసుకొని నవల పట్టుకుంటుంది. పోయినసారి వెళ్లినప్పుడు ఆమె చేతిలో ‘చివరకు మిగిలింది’ ఉంది. 1936లో అచ్చయిన మార్గరెట్ మిచెల్ అమెరికన్ నవల ‘గాన్ విత్ ద విండ్’కు మన ప్రొద్దుటూరు ఎం.వి. రమణారెడ్డి చేసిన అనువాదం అది. పేజీ గుర్తుకు ఆర్టీసీ టికెట్టు పెట్టుకుంది.

“ఇదేం ఆడదిరా! సొంత చెల్లెలు చేసుకోవాల్సినోణ్ణి లాక్కునింది.”

“నచ్చకపోతే పక్కన పెట్టేయ్ చిన్నమ్మా.”

“ఉండురా, ఆ పొలం నిలుస్తాదో పోతాదో చూడనీ.”

పొలం అంటే కథానాయిక స్కార్లెట్ ఓహారా పుట్టిల్లు, తారా. 300 డాలర్ల పన్ను కట్టకపోతే అది చేజారిపోతుంది. స్కార్లెట్ కిటికీ తెరలతో గౌను కుట్టించుకొని, జైల్లో ఉన్న రెట్ బట్లర్ దగ్గరికి డబ్బు కోసం వెళుతుంది. అక్కడ పని జరగదు. తిరిగొచ్చే దారిలో చెల్లెలిని చేసుకోవాలనుకుంటున్న ఫ్రాంక్ కనపడతాడు. అతనికి కొట్టుంది, చేతిలో కాస్త డబ్బుంది. చెల్లెలికి వేరే సంబంధం కుదిరిందని అబద్ధం చెప్పి తనే పెళ్లి చేసుకుంటుంది. మన వీధిలో ఎవరైనా ఈ పని చేసుంటే వాళ్లింట్లో మంచినీళ్లు కూడా తాగం.

మంచిగా నడుచుకునే పాత్రలను ఇష్టపడతాం, వాళ్లకు మేలు జరగాలనుకుంటాం, చెడ్డవాళ్లకు శాస్తి జరగాలనుకుంటాం అని డోల్ఫ్ జిల్‌మన్ అనే పరిశోధకుడి సిద్ధాంతం. టీవీ సీరియళ్ల వరకు ఇది సరిపోతుంది. స్కార్లెట్ దగ్గరే లెక్క తప్పుతుంది. 2004లో ఆర్థర్ రేనీ ఈ వరసను తిరగేశాడు. చాలాసార్లు ముందు ఇష్టమే పుడుతుందని, ఆ పాత్ర చేసే పనులకు సాకులు ఆ తర్వాత వెతుక్కుంటామని అతని వాదన. తీర్పు రాసేసుకొని వాదనలు వినడమన్నమాట. పావుగంట తిరక్కుండానే మా చిన్నమ్మ, “పాపం, ఇంటినిండా తినే నోళ్లే. అదేం చేస్తాది మరి?” అంది.

ఆ ఇష్టం ముందే ఎలా పుడుతుంది? నవల చాలావరకు స్కార్లెట్ కళ్లతోనే నడుస్తుంది. ఆమె ఆకలి, పత్తి ఏరి మొరటుబారిన చేతులు, ఎవరికీ చెప్పని పాడు ఆలోచనలు అన్నీ మనకు తెలుసు. మన తప్పుకు పరిస్థితిని, ఎదుటివాడి తప్పుకు వాడి బుద్ధిని కారణంగా చూస్తామని 1971లో జోన్స్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఆ తేడా వాళ్లు అనుకున్నంత పెద్దది కాదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అయినా నవల చేసే పని అర్థం కావడానికి ఆ మాట పనికొస్తుంది. పక్కింటావిడ చేసిన పని ఒక్కటే మనకు కనపడుతుంది. స్కార్లెట్ విషయంలో ఆ పనికి ముందు ఆమె మనసులో ఏం నడిచిందో కూడా తెలుస్తుంది.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. ఆ కళ్లు ఎటు చూడవో మనమూ అటు చూడం. అమెరికా అంతర్యుద్ధానికి ముందు తారాలో పత్తి పండించింది బానిసలు. వాళ్లు ఆ బతుకుతో తృప్తిగా ఉన్నట్టే నవల చూపిస్తుంది. నాకు స్కార్లెట్ అబద్ధాల కంటే ఇదే ఎక్కువ ఇబ్బంది పెట్టింది, అదీ రెండోసారి చదివినప్పుడు. మొదటిసారి నేనూ పొలం నిలుస్తుందా పోతుందా అన్న టెన్షన్‌లోనే ఉన్నాను.

ఇంకో కారణం మనం ఒప్పుకోవడానికి ఇష్టపడనిది. తమతో పోలికలున్న విలన్ల వైపు మనుషులు ఎక్కువ మొగ్గుతారని 2020లో రెబెకా క్రౌస్, డెరెక్ రకర్ ప్రచురించిన పరిశోధనలో కనపడింది. నిజజీవితంలో అలాంటి పోలిక మనకు అవమానం. కథలో అయితే మన పరువుకొచ్చిన ఢోకా ఏమీ ఉండదు కాబట్టి, మనలోని ఆ ముక్కను ధైర్యంగా చూసుకోగలమని వాళ్ల వివరణ. మా చిన్నమ్మ కూడా ఒకప్పుడు వాటా పొలం కోసం అన్నదమ్ములతో మూడేళ్లు మాటల్లేకుండా ఉన్న మనిషే. ఆ సంగతి నేను ఎత్తలేదు.

సాయంత్రం కారం దోశ తింటూ అడిగాను. “అట్లాంటి కోడలొస్తే?”

“వద్దు నాయనా, మన కొంపలో వద్దు.”

దోశ తుంచి నోట్లో పెట్టుకుంది. నవల చివర, అప్పటికి స్కార్లెట్ మొగుడైన రెట్ ఆమెను వదిలేసి వెళ్లిపోతాడు, అతన్ని ఎలాగైనా తిరిగి తెచ్చుకోవాలనుకుంటూ స్కార్లెట్ తారాకు బయల్దేరాలనుకుంటుంది, అక్కడితో సరి.

కాసేపటికి చిన్నమ్మే మళ్లీ ఎత్తుకుంది. “అది మొగుణ్ణి వెనక్కి తెచ్చుకునే ఉంటాది, చూస్తాండు.”