కప్పు మీది పెద్దాయన

బుజ్జీ, చిన్నూ,

మామయ్య లండన్ నుంచి తెచ్చిన పింగాణీ కప్పు మీద పొడుగాటి ఉంగరాల జుట్టుతో ఉన్న ముసలాయన ఎవరని అడిగారు కదా. ఆయన పేరు క్రిస్టఫర్ రెన్, పెద్ద పెద్ద కట్టడాలకు ప్లాన్లు గీసిన ఇంగ్లండు వాస్తుశిల్పి. ఆ జుట్టు విగ్గు. అప్పట్లో ఇంగ్లండులో పెద్దమనుషులు అలాంటివే పెట్టుకునేవారు. గాడ్‌ఫ్రీ నెల్లర్ అనే చిత్రకారుడు 1711లో వేసిన ఆయన బొమ్మ లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. మీ కప్పు మీద ఉన్నది దాని నకలే. ఆయన చేతిలో ఏముందో చూశారా? వృత్తలేఖిని, మీ జామెట్రీ బాక్సులో ఉండేదే. పక్కనున్న కాగితం లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథడ్రల్ అనే పెద్ద చర్చి ప్లాను.

రెన్ మొదట ఖగోళశాస్త్రం ప్రొఫెసరు. 1666 సెప్టెంబరులో లండన్‌లో ఒక రొట్టెల బట్టీలో మంట అంటుకుని నాలుగు రోజుల్లో 13 వేలకు పైగా ఇళ్లు, 87 చర్చిలు కాలిపోయాయి. పాత కెథడ్రల్ కూడా పోయింది. కొత్తది కట్టే పని రెన్‌కు అప్పగించారు. 1675లో మొదలుపెడితే పూర్తయ్యేసరికి 35 ఏళ్లు పట్టింది.

దాని గుమ్మటం సంగతి మీకు తప్పకుండా చెప్పాలి. ఊరంతటికీ కనబడాలంటే అది బాగా ఎత్తుగా ఉండాలి. కానీ లోపల నిలబడి తలెత్తితే అంత ఎత్తు చూడ్డానికి బాగుండదు. అందుకని రెన్ లోపల ఇటుకలతో ఒక గుమ్మటం, బయట చెక్కతో చేసి సీసపు రేకు కప్పిన ఇంకో గుమ్మటం కట్టించాడు. రెండింటి మధ్య ఇటుకల శంకువు ఒకటి దాగి ఉంది. శిఖరం మీదున్న రాతి మంటపం బరువు దాదాపు 850 టన్నులు. దాన్ని మోసేది ఆ కనబడని శంకువే! ఆయన తెలివిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

1723లో, 90 ఏళ్ల వయసులో పోయాడు. సమాధి ఆ కెథడ్రల్ నేలమాళిగలోనే ఉంది, మామూలు రాతిపలక. పైన గోడ మీద లాటిన్‌లో రాసి ఉంటుంది: "ఆయన స్మారకం కావాలంటే చుట్టూ చూడు" అని.

ఇక బొమ్మ కప్పు మీదికెలా వచ్చిందంటారా? పూర్వం ఒక్కో పాత్ర మీదా చేత్తో వేసేవారు. 1756లో లివర్‌పూల్‌లో శాడ్లర్, గ్రీన్ అనే ఇద్దరు రాగిరేకు మీద బొమ్మ చెక్కి, దాన్ని పల్చని కాగితం మీద అచ్చుతీసి, పింగాణీ పలకల మీదికి ఎక్కించి చూపించారు. అక్కణ్ణుంచి బొమ్మల పళ్లేలు మామూలు ఇళ్లకూ చేరాయి. ఇప్పుడు మీరు చేతి మీద నీళ్లతో అతికించుకునే బొమ్మల్లాగే, అచ్చువేసిన బొమ్మను తడిపి కప్పుకు అంటించి, దాదాపు 800 డిగ్రీల వేడిలో కాలుస్తారు. రంగు మెరుపుపూతలో కరిగి అతుక్కుపోతుంది. చవక రకాల్లో కప్పుకు ప్లాస్టిక్‌లాంటి పూత పూసి, 200 డిగ్రీల లోపు వేడితోనే బొమ్మ దింపుతారు.

ఆ కప్పును షోకేసులో పెట్టకండి, రోజూ పాలు తాగండి. స్టీలు పీచుతో మాత్రం తోమకండి. అంచుకు బంగారు గీత ఉంటే మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, నిప్పురవ్వలు వస్తాయి. బొమ్మ అంచు వెంట గోరుతో మెల్లగా తడమండి. సన్నగా గట్టులా తగిలితే కాల్చిన రకం, నున్నగా ఉంటే రెండో రకం. మీది ఏదో చూసి నాకు రాయండి.

ప్రేమతో,
అమ్మమ్మ