గుల్‌మొహర్ పూలు ఎటు పోయాయి?

ఒక మే నెలలో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో గుల్‌మొహర్ చెట్టును బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మీద తీశాను. చెట్టంతా నిప్పంటుకున్నట్టు పూసి ఉంది. రీలు కడిగి ప్రింటు వేస్తే పూలు లేవు. కాదు, ఉన్నాయి, ఆకుల్లో కలిసిపోయాయి! ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కనుంటే మన కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఫిల్ముకి తెలిసేది వెలుగు ఎంత పడిందన్నదొక్కటే. రెండిటి నుంచీ ఇంచుమించు అంతే వెలుగొస్తే రెండూ ఒకే బూడిద రంగులో తేలతాయి.

లెన్సు ముందు రంగు ఫిల్టరు పెట్టేది ఇందుకే. అది తన రంగు వెలుగును లోపలికి వదిలి మిగతాది చాలావరకు మింగేస్తుంది. ఎర్ర ఫిల్టరైతే పూలు తెల్లబడి ఆకులు నల్లబడతాయి, ఆకుపచ్చదైతే తారుమారు. అందుకే నేనిప్పుడు ముందుగా చూసుకునేది, ఎదురుగా ఉన్నవాటిలో ఏ రెండు రంగులు కలిసిపోయేలా ఉన్నాయి, దేన్ని పైకి తేవాలి అని.

ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్‌కు ఈ వెసులుబాటు లేదు. ఫిల్ము బదులు అప్పుడు వాడిన తొలినాటి గాజు ప్లేట్లు నీలానికే బాగా స్పందించేవి, వాటికి ఎరుపు అంటే చీకటే. ఆకాశం తెల్ల కాగితంలా పడేది. ఎర్ర ఫిల్టరు పెడితే అసలు బొమ్మే పడదు. ఎమల్షన్‌లో, అంటే ప్లేటు మీది వెలుగు పట్టే పూతలో, కొన్ని రంగులద్దితే మిగతా వెలుగులూ పడతాయని 1873లో జర్మనీలో హెర్మన్ వోగెల్ కనిపెట్టాడు. అన్ని రంగులూ పట్టే ప్లేట్లను ఇంగ్లండులో రాటెన్ అండ్ వెయిన్‌రైట్ కంపెనీ 1906లో అమ్మకానికి తెచ్చింది. దీన్ దయాళ్ పోయింది 1905లో. ఫిల్టర్ల మీద కనిపించే 8, 25 లాంటి నంబర్లు ఆ రాటెన్ పేరుతోనే నడుస్తున్నాయి.

ఇప్పటి ఫిల్ములకూ నీలమంటే కాస్త మోజెక్కువే. పసుపు ఫిల్టరు దాన్ని సరిచేస్తుంది, నారింజ ఆకాశాన్ని ఇంకాస్త ముదురు చేస్తుంది, ఎరుపైతే పట్టపగలే తుఫాను తెస్తుంది. అయితే ఆకాశం నీలంగా ఉంటేనే. మే నెలలో మన హైదరాబాద్ ఆకాశం దుమ్ముతో తెల్లగా ఉంటుంది. తెలుపులో ఎరుపూ ఉంటుంది కాబట్టి ఫిల్టరు అక్కడ చేసేదేమీ లేదు. వానలు వెలిశాక, అక్టోబరులో పెట్టి చూడండి.

దీనికి మూల్యం వెలుగే. పసుపుకి సుమారు ఒక స్టాప్ (ఒక్కో స్టాప్‌కీ వెలుగు సగమవుతుంది), నారింజకి రెండు, ఎరుపుకి మూడు. ఐఎస్ఓ (ఫిల్ము వెలుగును పట్టే వేగం) 400 ఉన్న ఫిల్ముకి మంచి ఎండలో 1/400 సెకను, ఎఫ్ 16 సరిపోతే, ఎర్ర ఫిల్టరుతో లెన్సు కంతను ఎఫ్ 5.6 దాకా తెరవాలి (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ కంత పెద్దది). ఇంకో తంటా నీడలు. వాటి మీద పడేది ఎక్కువగా ఆకాశం నీలం వెలుగు. ఎర్ర ఫిల్టరు దాన్ని ఆపేయడంతో చార్మినార్ కమాను కింద నిలబడ్డవాళ్లు బొగ్గు ముద్దలవుతారు. ఒక్కటే కొనగలిగితే నా ఓటు నారింజకే.

మనుషులకు మాత్రం ఎరుపు వద్దు. ఒకసారి ఎర్ర ఫిల్టరు విప్పడం మరిచిపోయి దాంతోనే మా పిన్నిని ఫోటో తీశాను. ప్రింటు చేతికివ్వగానే ముఖం మాడ్చుకుంది.

"ఒరేయ్, నా బొట్టేదిరా?"

కుంకుమ నుదుటి రంగులో కలిసిపోయింది. లేత ఆకుపచ్చ ఫిల్టరు వేసి, రెండు స్టాప్‌లు పెంచి, మళ్లీ తీశాను. ఈసారి బొట్టు నల్లగా, రూపాయి బిళ్లంత స్పష్టంగా పడింది.