గ్రహశకలానికి పేరెప్పుడు పెడతారు? మద్రాసులో మొదలైన కథ ఇది

బరంపురంలో మా వీధి చివరింటి అమ్మాయి, పదో తరగతి, ఈ మధ్య కంప్యూటర్‌లో వెతికి ఒక గ్రహశకలాన్ని, అంటే సూర్యుడి చుట్టూ తిరిగే ఒక చిన్న రాతి ముక్కని, పట్టుకుంది. సర్టిఫికెట్ వచ్చింది. ఒక పేపర్లో "ఆకాశంలో మన బాలిక పేరు" అని వేసేశారు, అప్పటి నుంచి వాళ్ల నానమ్మ కనిపించినప్పుడల్లా "మాస్టారూ, మా పిల్ల పేరు ఆ చుక్కకి ఎప్పుడు పెడతారండీ?" అని అడుగుతోంది, ఆ పిల్లేమో స్కూల్లో అందరికీ సమాధానం చెప్పలేక టెన్షన్ పడుతోంది. నాకు ఆ హెడ్డింగు మీద చాలా కోపం వచ్చింది. కనుక్కోవడం వేరు, పేరు పెట్టడం వేరు. ఈ రెంటికీ మధ్య దూరం ఒకప్పుడు ఇంత లేదు.

ఆ పిల్ల పని చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. హవాయిలోని పాన్-స్టార్స్ టెలిస్కోప్ తీసిన నాలుగు ఫొటోలు, ఆకాశంలో ఒకే చోటివి. వాటిని ఒకదాని వెనక ఒకటి తిప్పుతుంటే నక్షత్రాలన్నీ ఉన్నచోటే ఉంటాయి, ఒక్క బూడిదరంగు చుక్క మాత్రం ప్రతిసారీ కాస్త పక్కకి జరుగుతుంది.

ఇదే పని 1861లో మన రాజధానిలో ఫొటోల్లేకుండా జరిగింది. రాజధాని అంటే మద్రాసు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కదా. నుంగంబాకం అబ్జర్వేటరీలో కొత్తగా చేరిన ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ పాగ్సన్ ఏప్రిల్ 17 రాత్రి ఒక గ్రహశకలాన్ని కనిపెట్టాడు. అప్పట్లో అంతా కంటితో చూసి పోల్చుకోవడమే. ఫొటోలతో వెతకడం 1891లో జర్మనీలో మాక్స్ వోల్ఫ్ మొదలుపెట్టాడు. ఈ ఖండం నుంచి దొరికిన మొదటి గ్రహశకలం పాగ్సన్ కనిపెట్టినదే కాబట్టి దానికి ఆసియా అని పేరు పెట్టారు. అది గ్రీకు పురాణాల్లో ఒక జలకన్య పేరు కూడా. వరసలో 67వది, అంగారకుడికీ గురుడికీ మధ్య తిరుగుతూ మూడేళ్ల తొమ్మిది నెలలకొకసారి సూర్యుణ్ని చుట్టి వస్తుంది.

తర్వాత అదే మద్రాసు నుంచి సాఫో, సిల్వియా, కామిల్లా, 1885లో వెరా దొరికాయి. సిల్వియా సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను: దాని చుట్టూ ఒక చందమామ ఉందని 2001లో, రెండోది ఉందని 2004లో తేలింది, రెండు చందమామలున్న గ్రహశకలం కనబడటం అదే మొదటిసారి. వెరా తర్వాత మన దేశం నుంచి మళ్లీ ఒకటి దొరకడానికి 103 ఏళ్లు పట్టింది, 1988లో తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీలో దొరికిన దానికి రామానుజన్ పేరు పెట్టారు.

ఆసియా దొరికేనాటికి వందలోపే ఉన్నవి ఇప్పుడు లక్షలయ్యాయి, అందుకే రూల్స్ వచ్చాయి. ముందు సంవత్సరం, అక్షరాలు కలిపి ఒక తాత్కాలిక గుర్తు ఇస్తారు. తర్వాత ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూసి, కక్ష్య గట్టిగా తేలాకే నంబరు. నంబరు వచ్చాకే పేరు సూచించే హక్కు కనుక్కున్నవాళ్లకి వస్తుంది, దానికి పదేళ్ల గడువుంటుంది. పేరు 16 ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదు, రాజకీయ నాయకులదైతే వాళ్లు పోయి వందేళ్లవ్వాలి, డబ్బులిచ్చి కొనుక్కోవడం కుదరదు. కనుక్కున్నవాళ్లు తమ పేరు తామే పెట్టుకోవడమూ పద్ధతి కాదు.

ఈ చివరి మాట చెప్పగానే నానమ్మ మొహం చిన్నబోయింది. పిల్ల మాత్రం అస్సలు బాధపడలేదు, వంతు వస్తే మా పక్కనున్న సముద్రం ఒడ్డు ఊరి పేరు, గోపాల్‌పూర్ అని పెడతానంది. ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలే, వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చూపించింది.