రంగుకా, ఘాటుకా?

మా బావమరిది గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. మార్చి నెలలో అక్కడ అడుగుపెట్టినవాడు తుమ్మకుండా బయటికి రాలేడు, నేనూ రాలేదు. నేను వెళ్లేసరికి టిక్కీల (మిర్చి బస్తాల) వరుసల మధ్య ఇద్దరు కుర్రాళ్లు సచిన్ గొప్పా, కోహ్లీ గొప్పా అని వాదించుకుంటున్నారు. మా వాడు మధ్యలో దూరి పాతతరం ఆస్ట్రేలియా బ్యాటర్ బ్రాడ్‌మన్ పేరెత్తాడు. "ఆయన ఆట మీరు చూశారా అన్నా?" అని కుర్రాడు నిలదీశాడు. జవాబు చెప్పేలోగా బేరగాడు వచ్చాడు. మా వాడి నోటి నుంచి వచ్చిన మొదటి మాట: "రంగుకా, ఘాటుకా?"

రంగుకైతే బాడిగ, ఘాటుకైతే తేజ. ఏది మేలైన మిర్చి అని యార్డులో ఎవరూ అడగరు. దేనికోసమో తేలాకే సంచిలో చెయ్యి పెడతారు. అదే మనిషి ఆటగాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న అడగడం మరిచిపోతాడు. మరిచేది మా బావమరిది ఒక్కడే కాదులెండి.

బ్రాడ్‌మన్ ఆడినవి 52 టెస్టులు, చేసినవి 6,996 పరుగులు, సగటు (అవుటైన ఒక్కోసారికి వచ్చే పరుగులు) 99.94. 1948 ఆగస్టులో ఓవల్ మైదానంలో తన చివరి ఇన్నింగ్స్‌లో 4 పరుగులు చేసి అవుటై ఉంటే ఆ సగటు సరిగ్గా 100 అయ్యేది. ఇంగ్లండ్ బౌలర్ ఎరిక్ హోలీస్ రెండో బంతికే సున్నాకు బౌల్డ్ చేశాడు. సచిన్ 200 టెస్టుల్లో 15,921 పరుగులు చేశాడు, సగటు 53.78. పరుగుల రాశితో కొలిస్తే సచిన్, సగటుతో కొలిస్తే బ్రాడ్‌మన్. పైగా పిచ్‌లు వేరు, బౌలర్లు వేరు, హెల్మెట్లు లేని కాలం వేరు. అలాంటప్పుడు ఇద్దరినీ ఒకే తక్కెడలో వేయడం ఎలా?

దీనికి గణాంక శాస్త్రం చెప్పే ఉపాయం ఒకటుంది. ఆటగాణ్ని వేరే కాలపు ఆటగాడితో కాకుండా, అదే ఆటలోని మిగతా గుంపుతో పోల్చాలి. గుంపు సగటు ఎంత, ఆ సగటు చుట్టూ అంకెలు ఎంతగా చెదిరి ఉన్నాయి అన్నది ముందు చూసుకోవాలి. ఈ చెదురును కొలిచేదే ప్రామాణిక విచలనం. ఒక తరగతిలో సగటు 60 మార్కులు, ప్రామాణిక విచలనం 10 అనుకుందాం. 70 తెచ్చుకున్నవాడు ఒక మెట్టు పైన, 80 తెచ్చుకున్నవాడు రెండు మెట్లు పైన ఉన్నట్టు. ఈ మెట్లకు పరుగులు, గోల్స్, పాయింట్లు అన్న తేడా లేదు కాబట్టి వేర్వేరు ఆటలవాళ్లను కూడా పక్కపక్కన నిలబెట్టవచ్చు. ఆస్ట్రేలియా గణాంకకారుడు చార్లెస్ డేవిస్ ఆ పనే చేశాడు. బాస్కెట్‌బాల్ వీరుడు మైకేల్ జోర్డాన్ 3.4 మెట్లు, ఫుట్‌బాల్‌లో పెలే 3.7, బ్రాడ్‌మన్ 4.4. మన తరగతి భాషలో చెప్పాలంటే బ్రాడ్‌మన్‌కు నూటికి 104 మార్కులు! అంకెలన్నీ గుడిగంట ఆకారపు వక్రరేఖ ప్రకారం (ఎక్కువమంది సగటు దగ్గర, దూరం పోయేకొద్దీ తక్కువమంది) చెదిరి ఉంటే, 3.4 మెట్లు ఎక్కేవాడు సుమారు 3,000 మందిలో ఒకడు, 4.4 మెట్లు ఎక్కేవాడు సుమారు 1,85,000 మందిలో ఒకడు.

వాదన ఇక్కడితో తెగిపోయిందనిపిస్తుంది. తెగలేదు.

అమెరికా శిలాజ శాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్‌కు బేస్‌బాల్ అంటే ప్రాణం. ఆ ఆటలోని రెండు పెద్ద లీగుల్లో (అమెరికన్, నేషనల్) బ్యాటింగ్ సగటు 0.400, అంటే పది ప్రయత్నాల్లో నాలుగు హిట్లు, దాటిన చివరి ఆటగాడు టెడ్ విలియమ్స్, 1941లో. ఆ తరువాత అంత గొప్పవాళ్లు పుట్టడం లేదని ముసలివాళ్లు నిట్టూర్చేవారు. గూల్డ్ లెక్కలు తిరగేసి దానికి తలకిందులు అర్థం చెప్పాడు. మొత్తం ఆటగాళ్ల సగటు దశాబ్దాలుగా దాదాపు అక్కడే ఉంది, తగ్గిపోయింది చెదురు. మనిషి శరీరానికి ఒక హద్దు ఉంది. శిక్షణ, పోటీ పెరిగేకొద్దీ గుంపు మొత్తం ఆ గోడ వైపు జరుగుతుంది. బంతి విసిరేవాళ్లు, పట్టేవాళ్లు కూడా మెరుగవుతారు కనుక సగటు పెద్దగా మారదు. బలహీనులు జట్టులోకే రారు, అందువల్ల వాళ్ల మీద చెలరేగే అవకాశమూ ఉండదు. శిఖరం కనబడకపోవడానికి కారణం చుట్టూ నేల పైకి లేవడం.

ఈ లెక్కన బ్రాడ్‌మన్ ఎత్తులో కొంత భాగం ఆనాటి గుంపు పలుచదనమేనేమో అన్న అనుమానం న్యాయమైనదే. ఆయన 52 టెస్టుల్లో 37 ఇంగ్లండ్ మీదే. ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ తప్ప మరో దేశంలో ఒక్క టెస్టూ ఆడలేదు. అయితే నాకు ఈ అనుమానం పూర్తిగా మింగుడుపడదు. గుంపు పలుచనైతే ఆ లాభం అందరికీ రావాలి కదా? అదే కాలంలో ఆడిన వెస్టిండీస్ ఆటగాడు జార్జ్ హెడ్లీ సగటు 60.83, ఇంగ్లండ్ ఆటగాడు వాలీ హామండ్‌ది 58.45. శరీరం మీదికే బంతులు విసిరిన 1932-33 బాడీలైన్ సిరీస్‌లో బ్రాడ్‌మన్ సగటు 56.57. ఆయన దెబ్బతిన్న సిరీస్ అంటే ఇదే. సచిన్ జీవితకాలపు సగటు కన్నా అది ఎక్కువ.

పనిముట్ల గొడవ ఇంకొకటి. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చిన ఉదాహరణ సైకిల్‌ది. ఒక గంటలో ట్రాక్ మీద ఎంత దూరం తొక్కగలవు అన్నదే పందెం. 1972లో బెల్జియం వీరుడు ఎడ్డీ మెర్క్స్ మెక్సికో సిటీలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు. 1996లో ఇంగ్లండ్‌కు చెందిన క్రిస్ బోర్డ్‌మన్, గాలిని చీల్చే సైకిల్ మీద చేతులు ముందుకు చాచి పడుకున్నట్టు తొక్కి, 56.375 కిలోమీటర్లకు చేరాడు. తరువాత అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య మెర్క్స్ కాలపు తరహా సైకిలే వాడాలని నిబంధన పెట్టింది. 2000లో అదే బోర్డ్‌మన్ అలాంటి సైకిల్ మీద మళ్లీ ప్రయత్నించి 49.441 కిలోమీటర్లు తొక్కాడు. ఇరవై ఎనిమిదేళ్ల 'ప్రగతి' పది మీటర్లు! మిగతా ఏడు కిలోమీటర్లలో చాలా భాగం కూర్చునే తీరుది, సైకిల్‌ది. అలాగని ఈ పోలికా పూర్తిగా సమానమైనది కాదు. మెక్సికో సిటీ 2,200 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. అక్కడి పలుచటి గాలి మెర్క్స్‌కు సాయం చేసింది. మాంచెస్టర్‌లో తొక్కిన బోర్డ్‌మన్‌కు ఆ సాయం లేదు.

చదరంగంలో గాలి బెడద లేదు, ఆర్పాడ్ ఎలో రూపొందించిన రేటింగ్ పద్ధతీ ఉంది. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పైవారు నాలుగింట మూడు వంతుల పాయింట్లు రాబడతారని దాని అంచనా. కానీ ఆ పాయింట్లు ఒకే కాలంలో ఒకరితో ఒకరు ఆడేవాళ్ల మధ్యే చేతులు మారతాయి కనుక తరాల మధ్య తూకానికి అవీ పనికిరావు. ఇక ఏ రేటింగూ ఒక్క అంకెలో పట్టలేనిది నిలకడ. విజయవాడ కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకు గ్రాండ్‌మాస్టర్ అయ్యింది. 2017లో తల్లయ్యింది, ఆటకు విరామమిచ్చింది, 2019లో ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగించే చదరంగం) టైటిల్ గెలిచింది, 2024లో మళ్లీ గెలిచింది. శిఖరం ఎత్తును కొలవాలా, కొండ వైశాల్యాన్నా? నా ఓటు వైశాల్యానికే. నాకూ వయసు మీద పడుతున్నందువల్ల కావచ్చు.

కొన్ని కొలబద్దలకైతే మనిషే కనబడడు. నాగపూరులో పుట్టిన తెలుగు క్రికెటర్ సి.కె. నాయుడు మొదటి టెస్టు ఆడేనాటికి వయసు 36. అంతకు ముందు భారత్ అసలు టెస్టులే ఆడలేదు. అందుకే రికార్డు పుస్తకంలో ఆయన ఏడు టెస్టులు, సగటు 25. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల విలువిద్యలో మూడు స్వర్ణాలు తెచ్చింది. కానీ ఆమె ఎక్కుపెట్టేది కాంపౌండ్ విల్లు, అంటే కప్పీలున్న విల్లు. ఒలింపిక్స్‌లో ఇంతవరకూ కప్పీలు లేని రికర్వ్ విల్లుకే చోటు. ఒలింపిక్ పతకాల పట్టికతో గొప్పతనాన్ని లెక్కగట్టేవారికి ఆమె ఖాతాలో కనబడేది సున్నా. కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీ మొదటిసారి జరగబోయేది 2028లో, లాస్ ఏంజలెస్‌లో. అప్పటికి సురేఖకు 32 ఏళ్లు.