బిస్కెట్ కనిపిస్తేనే కూర్చునే కుక్క

"మా ల్యాబ్రడార్‌కి ఏడాదిన్నర. చేతిలో బిస్కెట్ ఉంటే 'సిట్' అనగానే కూర్చుంటుంది. ఖాళీ చేత్తో అంటే ఒకసారి నా మొహం వంక చూసి తన దారిన తను వెళ్లిపోతుంది. ఇది తెలివా, పొగరా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

పొగరైతే లేదండీ. మీరు ఏది నేర్పారో అదే నేర్చుకుంది. మీరు మాట నేర్పాననుకున్నారు, అదేమో బిస్కెట్ పట్టిన చెయ్యి పైకి లేస్తే కూర్చోవాలని నేర్చుకుంది. రెండూ ఒకేసారి ఎదురైనా చేతిని పట్టుకుని మాటని ఎందుకు వదిలేసింది? దీనికి జవాబు ఎలుకల మీద చేసిన ఒక పాత ప్రయోగంలో ఉంది, జంతువులు ఎలా నేర్చుకుంటాయన్న ఈ సబ్జెక్టు మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కూడా అదే. పావ్లోవ్, గంట, కుక్క నోట్లో లాలాజలం కథ బడిలో అందరూ చదివిందే కాబట్టి దాన్ని దాటేస్తున్నా.

1960ల చివర్లో లియాన్ కామిన్ అనే సైకాలజిస్టు ఎలుకలకి ఒక శబ్దం వినిపించి, వెంటనే చిన్న కరెంటు షాక్ ఇచ్చేవాడు. కొన్నాళ్లకి శబ్దం వినగానే అవి బిగుసుకుపోవడం మొదలుపెట్టాయి. తర్వాత ఆ శబ్దంతో పాటు ఒక లైటు కూడా వెలిగించి షాక్ ఇచ్చాడు, ఒకటికి పదిసార్లు. చివరికి లైటు ఒక్కటే వెలిగించి చూస్తే ఎలుకలు పెద్దగా పట్టించుకోలేదు. ముందు శబ్దపు పాఠం నేర్వని ఎలుకలు మాత్రం, లైటూ శబ్దమూ కలిపి అన్నిసార్లే చూసినా, లైటుకి బాగానే భయపడ్డాయి. అంటే రెండు విషయాలు పక్కపక్కన జరిగితే చాలు, జంతువు ముడి వేసేసుకుంటుందన్న పాత నమ్మకం అక్కడ చెల్లలేదు. షాక్ వస్తోందని శబ్దమే చెప్పేసింది, ఇక లైటు కొత్తగా చెప్పేదేముంది? దీన్ని బ్లాకింగ్ అంటారు.

రెస్కోర్లా, వాగ్నర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1972లో దీన్ని ఒక సమీకరణంలో పెట్టారు. లెక్కలంటే పడనివాళ్లు కూడా ఒక్క పేరా ఓపిక పట్టండి. ప్రతిసారీ ఎంత నేర్చుకుంటుందంటే, వచ్చినదాంట్లోంచి అనుకున్నది తీసేసి, మిగిలిన తేడాలో కొంత వంతు. ఆ వంతు 0.3, బిస్కెట్ విలువ 1 అనుకుందాం. మొదటిసారి కుక్క ఏమీ అనుకోలేదు, తేడా 1, కాబట్టి 0.3 నేర్చుకుంటుంది. రెండోసారి తేడా 0.7, అందులో 0.3 వంతు 0.21, మొత్తం 0.51. మూడోసారికి 0.657, నాలుగోసారికి 0.76, పదోసారికి 0.97. ఇక్కడ కిటుకేమిటంటే 'అనుకున్నది' లెక్కేసేటప్పుడు ఆ క్షణాన కుక్కకి కనిపించేవీ వినిపించేవీ అన్నీ కలిపి లెక్కేస్తారు. బిస్కెట్ పట్టిన చెయ్యి ముందే 0.97 తినేసిందనుకోండి. దాంతో పాటే చెవిన పడే 'సిట్' అన్న మాటకి మిగిలింది 0.03. మీరు గొంతు పెంచి వందసార్లు అరవండి, ఆ 0.03 లోంచే పంచుకోవాలి. మీ ల్యాబ్రడార్ జబ్బు మొత్తం ఇదే.

ఈ తేడా అన్నది కాగితం మీద లెక్క మాత్రమేనా అంటే, మెదడులో దీన్ని కొలిచి చూపించారు. ముందు మన సంగతే చూడండి, ఒకటో తారీఖున జీతం పడితే ఎవరూ గంతులెయ్యరు. అనుకోకుండా పదిహేనో తారీఖున బోనస్ పడితే వేస్తారు. ఒకటో తారీఖు సాయంత్రమైనా జీతం పడకపోతే, ఖాతాలో నిన్న ఉన్నంతే ఇవాళా ఉన్నా సరే, టెన్షన్ మొదలవుతుంది. వోల్ఫ్‌రామ్ షుల్ట్స్ అనే మెదడు శాస్త్రవేత్త కోతుల మధ్యమెదడులో, డోపమైన్ అనే రసాయనం వదిలే న్యూరాన్లలో (నరాల కణాల్లో) సరిగ్గా ఈ మూడూ చూశాడు. కోతి అనుకోని వేళ నోట్లో పళ్లరసం చుక్క పడితే న్యూరాన్లు గట్టిగా స్పందించాయి. ముందు ఒక లైటు వెలిగి తర్వాత రసం రావడం అలవాటయ్యాక రసానికి కదలడం మానేసి, లైటుకి స్పందించడం మొదలుపెట్టాయి, అంటే జీతం మీద ఉండాల్సిన ఆనందం బ్యాంకు మెసేజ్ మోతకి జరిగింది. లైటు వెలిగినా రసం రాకపోతే, సరిగ్గా రావాల్సిన క్షణంలో ఊరికే ఉన్నప్పుడు వాటిలో ఉండే మామూలు విద్యుత్ స్పందన కూడా ఆగిపోయింది. ఈ రికార్డింగులకీ పై సమీకరణం లాంటి లెక్కలకీ ఉన్న పోలికని పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్‌లతో కలిసి 1997లో ప్రకటించాడు.

కోతుల సంగతి సరే, కుక్కల మాటేమిటి? అమెరికాలో ఎమొరీ యూనివర్సిటీకి చెందిన గ్రెగరీ బర్న్స్ 2012లో రెండు కుక్కల్ని, మత్తివ్వకుండా, ఎమ్మారై మెషీన్లో కదలకుండా పడుకోబెట్టాడు. ఒక చేతి సైగకి మాంసం ముక్క వస్తుంది, ఇంకో సైగకి రాదు. మాంసం సైగ కనిపించగానే, ముక్క ఇంకా నోటిదాకా రాకముందే, మెదడులో బహుమానం కోసం ఎదురుచూడటంతో ముడిపడ్డ కాడేట్ అనే భాగం చురుగ్గా మారింది. మనుషులే భయపడే ఆ గొట్టంలోకి వాటిని పంపింది కూడా ఇదే రకం ట్రైనింగ్‌తోనే.

ఇప్పుడు మందు. బిస్కెట్లు చేతిలోంచి తీసి అలమరలోనో వెనక జేబులోనో పెట్టండి, ఖాళీ చేత్తో అదే సైగ చెయ్యండి, కూర్చున్నాకే తీసివ్వండి. బిస్కెట్ కన్నా ఉడికించిన చికెన్ ముక్క నయం, శనగగింజంత చాలు. ఖాళీ చేతికి కూర్చోవడం వచ్చాక మాట పెట్టండి, అదీ సైగకి ముందు. 'సిట్' అని ఒక్కసారి అనండి, ఒక క్షణం ఆగండి, అప్పుడు చెయ్యి ఎత్తండి. మాటా సైగా కలిసి వస్తే మాటకి పనిలేదు. ముందొస్తే మాత్రం చెయ్యి లేవబోతోందని చెప్పే మొదటి కబురు అదే అవుతుంది, కొన్నాళ్లకి చెయ్యి లేచేదాకా కుక్క ఆగదు. రెస్కోర్లా, వాగ్నర్ లెక్కలో ఈ ముందువెనకలు లేవు. వాటిని చేర్చినవాళ్లు సటన్, బార్టో, కంప్యూటర్లకి తప్పొప్పుల మీద నేర్పే విద్యకి 2024 ట్యూరింగ్ అవార్డు అందుకున్నది వీళ్లే.

బహుమానం ఏ క్షణంలో ఇచ్చారన్నది ఇంకో చిక్కు. కుక్క కూర్చుంది, మీరు డబ్బా మూత తీసేలోపు లేచింది, అప్పుడిచ్చారు. లేచినందుకు ఇచ్చినట్టు! అందుకే టిక్కుమనే క్లికర్ వాడతారు. 1951లోనే స్కిన్నర్ అనే సైకాలజిస్టు, పిల్లలు ఆడుకునే టిక్కుటిక్కు బొమ్మతో కుక్కకి నేర్పమన్నాడు. అది కూడా బ్యాంకు మెసేజ్ లాంటిదే, జీతం కాస్త ఆలస్యమైనా పర్వాలేదు, మెసేజ్ టైముకి రావాలి. క్లికర్ లేకపోతే 'ఎస్' అని పొట్టిగా అనండి. ఇదే స్కిన్నర్ 1948లో పావురాలు ఏం చేసినా చెయ్యకపోయినా నిర్ణీత సమయానికి గింజలు పడే ఏర్పాటు చేస్తే, ఒకటి గుండ్రంగా తిరగడం, ఇంకోటి తల ఊపడం మొదలుపెట్టాయి, అందువల్లే గింజలు పడుతున్నట్టు. దాని అర్థం మీద తర్వాత చాలా గొడవ జరిగిందనుకోండి, కానీ తను సీటు మారితే వికెట్ పడుతుందని మ్యాచ్ అయ్యేదాకా బాత్రూంకి కూడా వెళ్లని మా బంధువుని చూస్తే నాకు ఆ పావురాలే గుర్తొస్తాయి.

కొడితేనే మాట వింటుందనే పెద్దమనుషులు ఇంటికొకరుంటారు, బడుల్లోనూ ఉన్నారు. మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి చెప్పు కొరికి ఉంటే, ఆ గంటల వెనకటి చెప్పుకీ ఇప్పటి దెబ్బకీ ముడి పడదు, మీ రాకకీ దెబ్బకీ పడుతుంది. "చూడండి, తప్పు చేశానని ఎలా తల దించిందో" అంటారు. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో దీన్నే పరీక్షించింది: ఆ దొంగ చూపు తప్పు చేసిందా లేదా అన్నదాన్ని బట్టి కాకుండా యజమాని తిట్టాడా లేదా అన్నదాన్ని బట్టి వచ్చింది. ఏ తప్పూ చెయ్యకుండా తిట్లు తిన్న కుక్కల్లోనే ఇంకాస్త ఎక్కువగా.

బాగా నేర్చాక ప్రతిసారీ పెట్టక్కర్లేదు. రెండుసార్లకో, అయిదుసార్లకో, లెక్క దొరకకుండా ఇవ్వండి. ఇక్కడ మన సమీకరణం చేతులెత్తేస్తుంది. దాని ప్రకారం అప్పుడప్పుడూ తిండి దొరికిన కుక్క, తిండి ఆగిపోయాక త్వరగా మానెయ్యాలి. నిజానికి అదే ఎక్కువకాలం చేస్తూ ఉంటుంది, ప్రతిసారీ దొరికిన కుక్కే ముందు మానేస్తుంది.

'కమ్' విషయంలో మాత్రం జాగ్రత్త. పిలిస్తే వచ్చిన కుక్కని పట్టుకుని స్నానం చేయించడమో, గోళ్లు కత్తిరించడమో, పార్కులో ఆట ఆపి గొలుసు తగిలించడమో చాలామంది చేసే పని. అప్పుడు తేడా మైనస్‌లోకి పోతుంది, ఇన్నాళ్లూ ఆ మాటకి కూడబెట్టిన విలువ అరుగుతుంది. స్నానం ఉన్న రోజు పిలవకండి, మీరే వెళ్లి తెచ్చుకోండి. పార్కులో పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు చికెన్ ముక్క పెట్టి మళ్లీ ఆటకి వదిలెయ్యండి.